మనుషుల షుగరు తెలిసిన ఇంట్లో పిల్లి షుగరు

మా నల్లకుంట ఇంట్లో షుగరు కొత్త వ్యాధి కాదు. అత్తయ్యగారు చాలా ఏళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్నారు, మామయ్యగారికి మాత్రలతో సరిపోతున్నది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా, టీవీ బల్ల సొరుగులో గ్లూకోమీటరు ఎప్పుడూ ఉండేవే. అందువల్ల పదేళ్ల మా పిల్లి గోపికి మధుమేహం ఉన్నదని ఈ వేసవిలో తేలినప్పుడు ఇంటిల్లిపాదీ భయపడటానికి బదులు సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. వాటిలో సగం మనుషులకు మేలు చేసేవి, పిల్లికి ప్రమాదం తెచ్చేవి. తెలిసిన విద్యలో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్నది మేము నేర్చుకున్నంతమేరకు ఇక్కడ రాస్తున్నాను.

గోపి ఆపరేషన్ చేయించిన మగపిల్లి. ఫ్లాటు గడప దాటడు, ఆరు కిలోలకు పైగా పెరిగాడు. మధుమేహం ఎక్కువగా వచ్చేది ఇటువంటి పిల్లులకే. నీళ్లగిన్నె తొందరగా ఖాళీ అవుతుంటే ఏప్రిల్ నెలలో హైదరాబాదులో ఎవరైనా ఎండలవల్లనే అనుకుంటారు. కానీ లిట్టర్ పెట్టెలో మూత్రపు ఉండలు పెద్దవి కావడం, బాగా తింటూనే వెన్నెముక చేతికి తగిలేంతగా చిక్కిపోవడం, నడిచేటప్పుడు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనడం ఎండతో సంబంధం ఉన్నవి కావు. ఆ మడమల నడక, అధిక గ్లూకోజు వల్ల నరాలు దెబ్బతిన్నందుకు గుర్తు.

రక్తంలో చక్కెర ఒక్కసారి ఎక్కువగా కనబడినంత మాత్రాన పిల్లికి మధుమేహమని తేల్చకూడదని డాక్టరుగారు చెప్పారు. క్యారియర్‌లో కుదించి, ఆటోలో విద్యానగర్ ట్రాఫిక్ దాటించి, కుక్కలు మొరిగే క్లినిక్‌లో కూర్చోబెట్టిన పిల్లికి భయంతోనే చక్కెర 300 దాటవచ్చు. అందుకే ఫ్రక్టోజమిన్ పరీక్ష చేయించారు. మనుషుల హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటును చెబితే, ఇది గత ఒకటి రెండు వారాల స్థితిని చెబుతుంది. ఆ పూట భయంవల్ల పెరిగిన చక్కెర దీనిని మార్చలేదు. మూత్రంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు, ఉన్నాయేమో కూడా చూశారు. కీటోన్లు ఉండి, పిల్లి తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే ఇంటి వైద్యంతో ఆగేది కాదు, వెంటనే ఆసుపత్రిలో చేర్చవలసిందే.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం సిరంజి దగ్గర ఉన్నది. మన దేశంలో మనుషులకు అమ్మే ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. గోపికి రాసిన గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత. అత్తయ్యగారి ఎర్రమూత సిరంజిలో గ్లార్జిన్‌ను ఒకటో గీత దాకా తీస్తే, లోపలికి వచ్చేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. పన్నెండు గంటలకొక యూనిట్ చొప్పున మొదలుపెట్టిన ప్రాణికి ఆ తేడా ప్రాణాంతకం కావచ్చు. మందుల దుకాణంలో అడగకుండానే ఎర్రమూతవి చేతిలో పెట్టేవారున్నారు గనుక మూత రంగు, సిరంజిమీది అంకె రెండూ చూసి తీసుకోవాలి. అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజిలు దొరికితే అవే మేలు. చిన్న మోతాదు కొలవడం కష్టమని గ్లార్జిన్‌లో నీరు గానీ మరొక ఇన్సులిన్ గానీ కలపరాదు. ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు; 40 డిగ్రీలు దాటే మన వేసవిలో దుకాణం నుండి ఇంటికి తెచ్చే దారిలో కూడా ఐసుప్యాకు అవసరమే.

తిండి విషయంలో మామయ్యగారు చెప్పిన మొదటి మాట, ఒక పూట పస్తు ఉంచితే చక్కెర దిగుతుందని. లావు పిల్లి కొన్ని రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణంమీదికి వస్తుంది. కాబట్టి పస్తు అసలు కుదరదు. కాకరకాయ రసం సంగతి గోపియే తేల్చేశాడు, వాసన చూసి మంచం కిందికి వెళ్లిపోయాడు. అసలు మార్చవలసినది పాలన్నం, పెరుగన్నం, వాటితోపాటు పొడి గింజల ఆహారం, ఎందుకంటే ఆ గింజలలో కూడా పిండిపదార్థం బాగా ఉంటుంది. పిండిపదార్థాల నుండి వచ్చే శక్తి పది పన్నెండు శాతానికి మించని తడి ఆహారం మంచిది. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే పెడితే కాల్షియం వంటివి చాలవు. మన కూరలోని ముక్కలైతే ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి, అవి పిల్లికి విషం. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి ఆహారం మార్చితే దాని అవసరం ఉన్నట్టుండి తగ్గవచ్చు గనుక ఆ మార్పు డాక్టరుకు చెప్పే చేయాలి.

అత్తయ్యగారి అలవాట్లలో పూర్తిగా పనికివచ్చినవీ ఉన్నాయి. తిన్నది చూశాకనే సూది వేయడం, వేసిన వెంటనే కాగితంమీద సమయం రాయడం ఆవిడవే. సూది చర్మంలోకి దిగిందో బొచ్చులో పడిందో తెలియనప్పుడు మళ్లీ వేయకూడదు. ఒక పూట చక్కెర ఎక్కువగా ఉండటంవల్ల కలిగే నష్టం కంటె రెండింతల మోతాదువల్ల కలిగే నష్టం చాలా పెద్దది. చెవి అంచును వెచ్చని గుడ్డతో కాసేపు అదిమి, అక్కడ గుచ్చి రక్తపు బొట్టు తీస్తాము. మనిషి రక్తంలో గ్లూకోజు ఎర్రకణాలలోనూ గణనీయంగా ఉంటుంది, పిల్లికి దాదాపు అంతా ప్లాస్మాలోనే ఉంటుంది. అందువల్ల మనుషుల మీటరు పిల్లికి తరచు అసలుకంటె తక్కువ చూపిస్తుంది. ఏ మీటరు వాడుతున్నామో డాక్టరుకు చెప్పి, ఆ ఒక్కదానినే వాడుతూ ఉండాలి. పిల్లి తూలుతున్నా, స్పృహ తప్పుతున్నట్లున్నా చిగుళ్లకు తేనె రాసి, వెంటనే క్లినిక్‌కు బయలుదేరాలి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు.

మామయ్యగారి మాత్రల సంగతి కూడా ఇంట్లో చర్చకు వచ్చింది. పిల్లుల కోసం అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు అనుమతి లభించింది. కానీ అంతకుముందు ఇన్సులిన్ తీసుకున్న పిల్లికి అది ఇవ్వకూడదు, చక్కెర మామూలుగా కనబడుతుండగానే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉన్నది. ఇక మనుషుల మాత్రను ముక్క చేసి ఇవ్వడం ఆలోచించవలసిన విషయమే కాదు.

ఇంట్లో ఇద్దరికీ లేని అవకాశం ఒకటి గోపికి ఉన్నది. తొలి నెలలలోనే చక్కెర బాగా అదుపులోకి వస్తే చాలా పిల్లులకు ఇన్సులిన్ అవసరం తప్పిపోతుంది, కొన్నింటికి తర్వాత మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. గోపి మడమలు కొంత పైకి లేచాయి, డాక్టరుగారు మోతాదును అర యూనిట్‌కు తగ్గించారు. సంక్రాంతికి ఊరు వెళ్లేనాటికి సూది ఆగకపోతే పై అంతస్తులోని డిగ్రీ అమ్మాయి వేస్తానన్నది. అత్తయ్యగారు ఆమెకు బత్తాయిపండుమీద నేర్పుతున్నారు. పిల్లి తినకపోయినా, మీటరు అంకె డాక్టరుగారు రాసిచ్చిన హద్దుకంటె తక్కువగా ఉన్నా సూది వేయకుండా ముందు మాకు ఫోను చేయాలన్నది ఆమెకు పెట్టిన ఒకే ఒక షరతు.