పొట్టిరకం ఆర్టిచోక్: విత్తనం నుంచి మొదటి కోత వరకు

విచ్చుకోని పూమొగ్గను కూరగాయగా తినే ఆర్టిచోక్ మొక్క మామూలుగా మీటరున్నర వరకు ఎదిగి, దాదాపు అంతే వెడల్పున ఆకులు పరుచుకుంటుంది కనుక, ఇంటి పెరట్లో ఒక్క మొక్కే ఒక మడిని ఆక్రమిస్తుంది. అందుకే విత్తిన మొదటి ఏడాదే మొగ్గ తొడిగేలా రూపొందించిన, కాస్త కురచగా పెరిగే ఇంపీరియల్ స్టార్ రకాన్ని ఎంచుకున్నాను. కురచ అన్నప్పటికీ దీనికి కూడా దాదాపు ఒక మీటరు చోటు కేటాయించవలసిందే.

రాత్రంతా నానబెట్టిన విత్తనాలను సెంటీమీటరు లోతున నాటి, 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే రెండు వారాల లోపే మొలిచాయి. విత్తనంతో పెంచినప్పుడు మొక్కలన్నీ ఒకే తీరుగా రావు. పాలిపోయినవాటిని, బాగా వెనుకబడినవాటిని నారు దశలోనే తీసివేశాను. తల్లివేరు త్వరగా కిందికి దిగుతుంది కనుక లోతైన కుండీల్లో పెంచి, మట్టిగడ్డ చెదరకుండా మార్చడం మేలు.

అసలు కీలకం చలిలో ఉంది. నాలుగైదు ఆకులు వచ్చిన నారుకు సుమారు పది రోజులైనా 10 డిగ్రీల కంటే తక్కువ చల్లదనం తగిలితేనే మొగ్గ తొడిగే గుణం బాగా మేల్కొంటుంది. ఈ రకానికి ఆ అవసరం తక్కువే అయినా పూర్తిగా లేకపోలేదు. నారును ఆరుబయటే ఉంచి, మంచు గడ్డకట్టే రాత్రుల్లో మాత్రం లోపలికి చేర్చాను. పోల్చి చూడటానికి వెచ్చగా ఉంచిన కొన్ని మొక్కలు ఆకులను చక్కగా పెంచాయి గాని ఈ కాలంలో ఒక్క మొగ్గ కూడా వేయలేదు. ఎరువు రెండింటికీ ఒకటే కనుక, మొగ్గ రాలేదని నత్రజని పెంచుకుంటూ పోవడం వృథా అని నా అభిప్రాయం.

కొన్నిటిని కంపోస్టు దండిగా కలిపిన నేలలో 90 సెంటీమీటర్ల ఎడంతో నాటాను. ఒకదానిని 50 లీటర్ల తొట్టిలో ఉంచాను. తొట్టిలోనిది ఇంకా కురచగా, ముచ్చటగానే ఉంది గాని ఎండ రోజుల్లో మధ్యాహ్నానికే ఆకులు వాల్చేసి, రోజూ నీరు కోరుతోంది. మొగ్గ ఎదిగే సమయంలో తేమ తగ్గడం వల్లనే కాబోలు, దాని మొగ్గను కప్పి ఉండే పొలుసుల కొనలు నల్లబడ్డాయి. నేలలోని మొక్కల మొదట్లో ఎండుగడ్డి పరిచినందువల్ల ఆ ఇబ్బంది కనబడలేదు. అయితే నీరు నిలిచే చోట వేరు కుళ్ళు తప్పదు కాబట్టి మడిని కొంచెం ఎత్తు చేయడం అవసరం.

పేనుబంక ఆకుల అడుగున చేరినప్పుడే నీటిధారతో కడిగి, పలుచని సబ్బునీరు చల్లాను. పొలుసుల మధ్యకు దూరిన తరువాత దానిని వదిలించడం చాలా కష్టం.

నడికాడ చివర వచ్చిన మొగ్గే అన్నిటికంటే పెద్దది. పొలుసులు బిగుతుగా ఉండి, నొక్కితే కిర్రుమన్నప్పుడు నాలుగు వేళ్ళ కాడతో సహా కోశాను. ఎండలు ముదిరితే పొలుసులు త్వరగా విచ్చుకుని పీచుబారతాయి కనుక, పరిమాణం కోసం ఎదురుచూడటం లాభం కాదు. పక్క కొమ్మల మొగ్గలు చిన్నవే అయినా లేతగా ఉంటాయి. కొన్నిటిలో మొగ్గ నడుమ ఉండే, తినడానికి పనికిరాని నూగు ఇంకా ఏర్పడలేదు. కోత పూర్తయిన కాడలను నేలమట్టానికి కత్తిరించగా మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తున్నాయి. వాటిలో బలమైనవాటిని రెండింటిని ఉంచి, మిగిలినవాటిని వేరుతో సహా విడదీసి కుండీల్లోకి మారుస్తున్నాను. ఇలా చేస్తే బాగా కాసిన మొక్క గుణం మారకుండా వచ్చే ఏడాదికి అందుతుంది.