మెస్సు బల్ల దగ్గర మతాల మాట

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం లాంటి చోట మతాల మధ్య మాట కలపాలంటే మైకు, శాలువాలు అక్కర్లేదు. 12 మంది విద్యార్థులు, గుండ్రంగా కుర్చీలు, గంటన్నర చాలు. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం మాత్రం పెట్టకండి.

పేరు, ఊరు చెప్పించండి. మతం అడగొద్దు. ఎందుకంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో ఎస్సీల్లో కాక, వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ కింద వస్తారు. చర్చికెళ్లే దళిత పిల్లాడు నోరు విప్పితే సర్టిఫికెట్టు, దాంతోపాటు స్కాలర్‌షిప్పు పోతాయేమోనని భయపడతాడు. (సవర, జాతాపు గిరిజన పిల్లలకి ఈ చిక్కు లేదు, ఎస్టీ హోదాకి మతంతో పని లేదు.) కాబట్టి ఫొటోలు, వీడియోలు తీయకండి. హాజరు పట్టీలో మతం గడి అసలే వద్దు.

మాట చెడేది "మీవాళ్లు ఎందుకలా చేస్తారు?" అన్న దగ్గరే. ఒక్క పిల్ల మతం మొత్తానికి జవాబు చెప్పాల్సి వస్తుంది, ఇది అన్యాయం. "మీ ఇంట్లో ఎలా చేస్తారు?" అనండి. విజయనగరం సిరిమాను సంబరం, ఖాదర్ బాబా దర్గా ఉరుసు కబుర్లు వాటంతటవే వస్తాయి.

చివరి పావుగంట మెస్సుకి ఇవ్వండి. రంజాన్‌లో సహరీకి, అంటే తెల్లవారకముందు తినే భోజనానికి, వంటగది తెరుస్తారా? ఎవరికైనా కంచం, గ్లాసు విడిగా పెడుతున్నారా? ఒక్క విషయం తేల్చి, వార్డెన్‌కి కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.