గుహుడి తలమీద గడ్డి టోపీ

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని మెయిడెన్‌హెడ్‌లో. కుకమ్ మాకు రైల్లో రెండో స్టేషన్. ఆదివారం వాన పడుతుంటే, ఇంట్లో పాప గోల భరించలేక అక్కడున్న చిత్రకారుడు స్టాన్లీ స్పెన్సర్ గ్యాలరీకి తీసుకెళ్లాను. ఉన్నది ఒక్క హాలు. ఒకప్పుడది మెథడిస్టుల ప్రార్థన మందిరం. చిన్నప్పుడు ఆయన వాళ్లమ్మతో వెళ్లింది అక్కడికే.

1891లో ఆ వీధిలోనే పుట్టాడు. లండన్ స్లేడ్ స్కూల్లో బొమ్మలు నేర్చుకునేటప్పుడు, టీ వేళకి రైలెక్కి ఇంటికొచ్చేసేవాడట. తోటివాళ్లు 'కుకమ్' అనే పిలిచేవాళ్లు. మన ఇంటిపేర్లలో ఊళ్లు ఉన్నట్టే. ముసలితనంలో పసిపిల్లల పాత ప్రామ్‌లో రంగులూ ఈజిలూ వేసుకుని ఊరంతా తోసుకుంటూ తిరిగేవాడు. ఆ ప్రామ్ గ్యాలరీలోనే ఉంది. పాప దాన్ని వదిలి రానంది.

1937లో భార్య హిల్డాతో విడాకులయ్యాక, వారం తిరగకుండా ఇంకో పెళ్లి చేసుకున్న కథ మాత్రం పాపకి చెప్పలేదు. అది తలుచుకుంటే నాకే కోపమొస్తుంది.

గోడంత బొమ్మ ఒకటుంది, కుకమ్ పడవ పందేల పండగది. 1959లో ఆయన పోయేనాటికి పూర్తికాలేదు, చాలాచోట్ల ఇంకా పెన్సిల్ గీతలే. మధ్యలో పడవ మీద, పేము కుర్చీలో, గడ్డి టోపీ పెట్టుకుని క్రీస్తు. ముందుకు వంగి జనానికి ఏదో చెబుతున్నాడు.

"అమ్మా, జీసస్ ఇక్కడికొచ్చాడా?"

"లేదు నాన్నా, ఊరికే అలా వేశాడు" అనేసి నాలుక కరుచుకున్నాను. పోయిన వేసవిలో భద్రాచలం దగ్గర పర్ణశాలలో, సీతమ్మ చీరలారేసిన చోటు చూపించి "ఇదిగో, ఇక్కడే" అని చెప్పింది నేనేగా! అక్కడ అడగని ప్రశ్న ఇక్కడెందుకు అడిగిందో.

ఇంటికొచ్చాక కూర్చుని బొమ్మ వేసింది. థేమ్స్ నది, వంతెన, హంసలు. పడవలో రామలక్ష్మణులు, సీత. తెడ్డు వేస్తున్న గుహుడికి గడ్డి టోపీ. రాముడికి రెయిన్‌కోటు.

రాత్రి వీడియో కాల్‌లో కొత్తగూడెంలో ఉన్న మా అమ్మకి చూపించింది. నవ్వుతుందేమో, కోప్పడుతుందేమో అని నాకు టెన్షన్. అమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బానే ఉందే. మరి ఏ ఒడ్డున దిగుతారు తల్లీ?"

"కార్ పార్క్ వైపు, అమ్మమ్మా."