నీచు కత్తిపీట

తణుకులో మా అమ్మకు రెండు కత్తిపీటలు. ఒకటి కూరగాయలకు, రెండోది నీచుకు. ఆ రెండోది ఎప్పుడూ దొడ్లో నూతి గట్టు పక్కనే ఉండేది, వంటింటి గడప దాటి లోపలికి వచ్చేది కాదు. చాదస్తం అని నేను నవ్వేదాన్ని.

2025 ఫిబ్రవరిలో అమ్మ ఫోను చేసింది. "వేల్పూరులో కోళ్లు రాలిపోతున్నాయి. మీరు కొన్నాళ్లు చికెన్ తెచ్చుకోకండి, అల్లుడుగారికీ చెప్పు." భోపాల్ ప్రయోగశాల అది బర్డ్ ఫ్లూ అని, హెచ్5ఎన్1 వైరస్ అని తేల్చింది. మేముండే బెంగళూరు మారతహళ్లిలో మొదట ఎవరూ పట్టించుకోలేదు. చిక్కబళ్లాపుర దగ్గర వరదహళ్లిలోనూ బయటపడ్డాక మా వీధి చికెన్ కొట్టు ముందు ఆదివారం వరుస మాయమైంది. మా ఇంట్లో మూడు ఆదివారాలు కాలీఫ్లవరే. నెల్లూరు మనిషికి అది ఎంత శిక్షో మావారి ముఖం చూస్తే తెలిసేది.

నాలుగో వారం ధైర్యం చేశాం. ముక్క లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ బతకదు. ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో మాత్రం హాయిగా ఉంటుంది. మన పులుసు కుతకుత ఉడుకుతుంది కదా, ఇక భయమెందుకు అనుకున్నాను. ఎముక నుంచి మాంసం ఊడేదాకా ఉడికించాను కూడా.

పొయ్యి దగ్గర నేను అంత నిష్ఠగా నిలబడి ఉంటే, వెనక మావారు నంజుకోవడానికి ఉల్లిపాయ, నిమ్మకాయ కోస్తున్నారు. ఏ పలక మీద? నేను కోడి ముక్కలు కొట్టిన పలక మీదే, పైపైన నీళ్లు పోసి! ఆయన్ని అనడానికి నోరు తెరిచి ఊరుకున్నాను. అరగంట ముందు సింకులో కుళాయి జోరుగా తిప్పి చికెన్ కడిగింది నేనే. ఆ తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీద, బోర్లించిన గ్లాసుల మీద పడ్డాయి. పులుసులో చచ్చేదేదో చస్తుంది, పచ్చి ఉల్లిపాయను ఎవరు ఉడికిస్తారు? ఆ ముక్కలన్నీ చెత్తబుట్టలో వేశాను.

ఏప్రిల్‌లో పల్నాడు వార్త చదివినప్పుడు చాలాసేపు మాట రాలేదు. బర్డ్ ఫ్లూతో రెండేళ్ల పాప చనిపోయింది. కోడిని కోస్తున్నప్పుడు పచ్చి ముక్క తిన్నదట. అదే మాంసం కూరగా తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదు.

వేసవిలో అమ్మ వస్తూ పాత చీరలో చుట్టి చిన్న కత్తిపీట తెచ్చింది. ఫ్లాటులో దొడ్డి లేదు కాబట్టి బాల్కనీలో, వాషింగ్ మెషీన్ వెనక పెట్టింది. ఆ కత్తిపీటకు వైరస్ సంగతి తెలియదు, నీచు వాసన సంగతే తెలుసు. ఇప్పుడు ముక్కలు దాని మీదే, బాల్కనీలోనే. కడగాలనిపిస్తే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా, తర్వాత చేతులకు సబ్బు.

మావారికి ఇంకో బాధ మిగిలింది. సొన కారే హాఫ్ బాయిల్ ఆపేశాను. పచ్చసొన గట్టిపడాల్సిందే అంటే, "ఇది గుడ్డా, గోళీనా?" అని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.