చెల్టెన్‌హామ్ కొండ, గోల్డ్ కప్ రోజు

గుర్రప్పందేలంటే చదునైన నేల మీద గుండ్రంగా పరుగెత్తించడమే అనుకునేవాళ్లు, అంటే మలక్‌పేట రేస్ కోర్స్ గోడ పక్కనుంచి బస్సులో వెళ్తూ పెరిగిన నాలాంటివాళ్లు, ఒక్కసారి ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్ చూడాలండి. ఇక్కడ గుర్రాలు నాలుగున్నర అడుగుల ఫెన్సులు దూకాలి, కొండెక్కాలి, దిగాలి, మళ్లీ చివర్లో ఎక్కాలి, అదీ బురదలో, వీపు మీద డెబ్భై కిలోల పైన బరువుతో. మన దేశంలో ఈ దూకే రేసులు చూసే ఛాన్సే లేదు, అందుకే బర్మింగ్‌హామ్‌లో ఉండే మా బావ 2024 మార్చిలో ఫోన్ చేసి "గోల్డ్ కప్ రోజుకి ఒక టికెట్ ఎక్స్‌ట్రా ఉందిరా, వస్తావా" అంటే వెంటనే లీవ్ పెట్టేశా.

మార్చిలో జరిగే ఈ పండగని ఫెస్టివల్ అంటారు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు రోజులు, రోజుకి ఏడు చొప్పున మొత్తం 28 రేసులు. 2005 దాకా వచ్చేసరికి మూడు రోజులది నాలుగు రోజులైంది, ఐదో రోజు కూడా పెడదామా అని అప్పుడప్పుడు మాటలు నడుస్తుంటాయి గానీ నన్నడిగితే నాలుగే ఎక్కువ. శుక్రవారం గోల్డ్ కప్, ఫెస్టివల్ మొత్తం దానికోసమే. మేం వెళ్లింది మార్చి 15న.

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి చెల్టెన్‌హామ్ స్పా స్టేషన్‌కి ముప్పావుగంట లోపే. ఆ రోజు మాత్రం ట్రైన్ నిండా ట్వీడ్ కోట్లు, తల మీద ఫ్లాట్ క్యాపులు, పొద్దున్న తొమ్మిదింటికే చేతుల్లో బీర్ క్యాన్లు, మధ్యలో మేమిద్దరం అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బాతో. ఎదురుగా కూర్చున్న ఐరిష్ పెద్దాయన డబ్బాలోకి తొంగి చూసి ఏంటది అన్నాడు, బావ ఒక స్పూన్ పెట్టాడు, ఆయన కళ్లెంబడి నీళ్లు పెట్టుకుంటూనే ఇంకో స్పూన్ అడిగాడు. ఆ పులిహోరకి బదులుగా ఆయన చెప్పిన ఒక్క మాటతోనే ఆ రోజంతా మాకు రేసు చూడ్డం వచ్చింది, అది తర్వాత చెప్తా.

స్టేషన్ నుంచి కోర్సుకి బస్సులుంటాయి కానీ క్యూ చూసి మేం నడిచేశాం, ఊరు మీదుగా పిట్‌విల్ పార్క్ దాటుకుంటూ ముప్పావుగంట. మంచి పనే అయింది, ఎందుకంటే నడుస్తుంటే ఆ కొండ మెల్లగా ఎదురొస్తుంది. క్లీవ్ హిల్. 330 మీటర్లు, కాట్స్‌వోల్డ్స్ మొత్తానికి ఎత్తైన చోటు అంటారు. మనకి కొండల లెక్కలో ఇదేమీ కాదు, కానీ చదునైన ఊరి వెనకాల అడ్డంగా గోడలా నిలబడుతుంది, దాని కాళ్ల దగ్గరే ప్రెస్‌బరీ పార్క్, అదే రేస్ కోర్స్.

అసలు రేసులు మొదలైంది కింద కాదు, ఆ కొండ మీదే. 1818లో అక్కడ ఫ్లాట్ రేసులు పెట్టారు, వేలమంది జనం, తాగుడు, జూదం, ఇదంతా చూసి ఫ్రాన్సిస్ క్లోజ్ అని ఊళ్లో చర్చి ఫాదరీ ఒకాయన ఆదివారం ప్రసంగాల్లో రేసుల్ని దుమ్మెత్తిపోశాడు. 1830లో గ్రాండ్‌స్టాండ్ కాలిపోయింది, ఎవరో కావాలనే తగలబెట్టారని చెప్పుకుంటారు. మరుసటేడు రేసులు కిందికి ప్రెస్‌బరీ పార్కుకి దిగాయి. ఇది విన్నప్పుడు మన మౌలాలి గుర్తొచ్చింది నాకు, హైదరాబాద్ రేసులు కూడా మొదట మౌలాలిలో జరిగి 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకి మారాయి కదా, కాకపోతే మనదాంట్లో ఎవరూ ఏదీ తగలబెట్టలేదు.

ఇప్పుడు కోర్స్ సంగతి. ఇది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ఒకే చోట రెండు ట్రాకులు, ఓల్డ్ కోర్స్, న్యూ కోర్స్. మంగళ, బుధవారాలు ఓల్డ్ మీద, గురు, శుక్రవారాలు న్యూ మీద. రెండూ ఎడమ చేతి వైపు తిరుగుతాయి. ఓల్డ్ కాస్త చిన్నది, మలుపులు దగ్గరగా ఉంటాయి, చురుకైన గుర్రానికి బావుంటుంది. న్యూ పొడుగు, దమ్ము ఉన్నదే గెలుస్తుంది. స్టాండ్స్‌కి దూరంగా అవతలి వైపు నేల పైకి లేస్తూ పోతుంది, గుర్రాలు ఆ పైకి చేరేసరికి సగం అలిసిపోతాయి, అక్కడినుంచి ఒక్కసారిగా దిగుడు. అసలు ప్రమాదం ఆ దిగుడులోనే, స్పీడు పెరుగుతుంది, ఒళ్లు ముందుకి తూలుతుంది, సరిగ్గా అక్కడే ఫెన్స్ పెట్టారు పుణ్యాత్ములు. అది దాటి మలుపు తిరిగి స్ట్రెయిట్‌లోకి, అంటే చివరి తిన్నటి దారిలోకి వస్తే మళ్లీ ఎక్కుడు మొదలు, చివరి ఫెన్స్ దూకాక కూడా ఇంకా రెండొందల మీటర్ల పైనే ఎక్కాలి. తిరుమల మెట్లు నడిచినవాళ్లకి మోకాళ్ల పర్వతం ఎలాంటిదో చెప్పక్కర్లేదు, ఇంక అయిపోయిందిలే అనుకున్న చోట మొదలవుతుంది, ఇదీ అంతే.

టికెట్లు మూడు రకాలు. క్లబ్ ఖరీదు, ఫినిష్ ఎదురుగానే చూడొచ్చు. టాటర్సల్స్ మధ్యరకం, పరేడ్ రింగ్‌కి వెళ్లొచ్చు. బెస్ట్ మేట్ ఎన్‌క్లోజర్ చవక, ట్రాక్‌కి అవతలి వైపు ఉంటుంది, దగ్గర్నుంచి దూకుడు చూడొచ్చు కానీ పరేడ్ రింగ్ వైపు రానివ్వరు. బెస్ట్ మేట్ అనేది గుర్రం పేరే, 2002 నుంచి 2004 దాకా వరసగా మూడు గోల్డ్ కప్పులు కొట్టింది. మాది టాటర్సల్స్. ఒక్కసారే వెళ్లేవాళ్లైతే అదే తీసుకోమంటా, ఎందుకంటే రేసు ముందు గుర్రాలు నడిచే ఆ రింగ్ చుట్టూ మెట్లు మెట్లుగా కట్టారు, అక్కడ నిలబడితే గుర్రం ఎంత పెద్ద జంతువో, జాకీ ఎంత బక్కప్రాణమో పక్కపక్కన కనపడుతుంది.

కోర్సులో విగ్రహాలు కూడా ఉన్నాయి. గోల్డెన్ మిల్లర్ 1932 నుంచి 36 దాకా వరసగా ఐదు గోల్డ్ కప్పులు, పైగా 1934లో అదే ఏడాది గ్రాండ్ నేషనల్ అనే ఇంకో పెద్ద రేసు కూడా, ఇంకే గుర్రానికీ అది సాధ్యం కాలేదు. ఆర్కిల్ 1964, 65, 66. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం డాన్ రన్. ఆడ గుర్రం, 1984లో ఛాంపియన్ హర్డిల్ (హర్డిల్ అంటే ఫెన్స్ కంటే పొట్టి అడ్డం), 1986లో గోల్డ్ కప్, ఈ రెండూ గెలిచిన గుర్రం ఇదొక్కటే. ఆ గోల్డ్ కప్‌లో చివరి ఫెన్స్ దగ్గర వెనకబడిపోయింది, అయిపోయింది అనుకున్నారంతా, జాన్‌జో ఓనీల్ అనే జాకీ ఆ కొండ మీద మళ్లీ లేపి, ముందున్న వేవార్డ్ లాడ్ అనే గుర్రాన్ని దాటించాడు. అదే ఏడాది వేసవిలో ఫ్రాన్స్‌లో రేసు పరుగెత్తుతూ పడి చనిపోయింది. విగ్రహం ముందు ఆడాళ్లు సెల్ఫీలు దిగుతున్నారు, వాళ్లలో ఎంతమందికి తెలుసో ఆ కథ.

ఇంక పందెం. వరసగా బుకీలు, ఒక్కొక్కళ్ల నెత్తిన ఎలక్ట్రానిక్ బోర్డు, వాటి మీద నంబర్లు క్షణక్షణం మారుతుంటాయి. 33/1 అంటే ఒక పౌండ్ పెడితే 33 లాభం, మన పౌండ్ కూడా తిరిగొస్తుంది. 10/11 అంటే 11 పెడితే 10 లాభం, అంటే అది గెలుస్తుందని అందరూ ఫిక్స్ అయిపోయారన్నమాట. ఈచ్-వే అని ఇంకోటుంది, సగం గెలుపు మీద, సగం మొదటి మూడు నాలుగు స్థానాల్లో వస్తే చాలు అని. గెలిచినదాని మీద ఇక్కడ ట్యాక్స్ లేదు, బావ ఇది వినగానే లేచి కూర్చున్నాడు. నేను మాత్రం రేసుకి ఐదు పౌండ్లు దాటకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నా.

ఇప్పుడు ఆ ఐరిష్ పెద్దాయన మాట. "చివర్లో ఎవరు ముందున్నారో చూడొద్దు, ఎవరి జాకీ చేతులు ఇంకా కదలట్లేదో చూడు" అన్నాడు. ముందున్న జాకీ కర్ర తీసి తోముతున్నాడంటే ఆ గుర్రం దగ్గర ఇంకేం లేదని, వెనకాల ఒకడు ఊరికే కూర్చుని వస్తున్నాడంటే వాడి దగ్గర ఇంకా బోలెడుందని.

మొదటిది ట్రయంఫ్ హర్డిల్, నాలుగేళ్ల గుర్రాలకి మాత్రమే, మాజ్‌బరో గెలిచింది. రెండోది కౌంటీ హర్డిల్, అబ్సర్డ్ అనే గుర్రం కొట్టింది, అది ముందటి నవంబర్లో మెల్‌బోర్న్ కప్ కూడా పరుగెత్తి వచ్చిందట. రెండూ విల్లీ మల్లిన్స్ గుర్రాలే. ఆ ఐర్లండ్ ట్రైనర్ ఆ బుధవారమే ఫెస్టివల్‌లో వందో గెలుపు అందుకున్నాడు, ఇంతకుముందు ఎవరూ వంద చేరలేదు.

మూడోదే నాకు అసలు రేసు. ఆల్బర్ట్ బార్ట్‌లెట్, స్పాన్సర్ చేసేది ఆలుగడ్డల కంపెనీ. హర్డిల్స్‌కి కొత్త గుర్రాల రేసు, మూడు మైళ్లు. ద జ్యూక్‌బాక్స్ మ్యాన్ అని ఒకటుంది, దాని ఓనర్ హ్యారీ రెడ్‌నాప్, ఫుట్‌బాల్ మేనేజర్‌గా అందరికీ తెలిసినాయన, అందుకని జనం సపోర్ట్ దానికి బానే ఉంది. స్ట్రెయిట్‌లోకి వచ్చేసరికి అదే ముందు, చివరి హర్డిల్ దాటాక కూడా అదే ముందు, మా పక్కనున్న కుర్రాళ్లు అప్పుడే ఒకళ్లనొకళ్లు కౌగిలించుకుంటున్నారు. అప్పుడు కొండ మొదలైంది. ఒక్కో అంగకీ దాని పరుగు పొట్టిదవుతుంటే కళ్లారా కనపడుతోంది, వెనకాలనుంచి స్టెల్లార్ స్టోరీ, 33/1, ఎవరూ పట్టించుకోని గుర్రం, దగ్గరికి, ఇంకా దగ్గరికి, గీత మీద తల ముందు పెట్టేసింది. ఫొటో వేసి చూపించేదాకా మా చుట్టూ ఎవరికీ నమ్మకం కలగలేదు. వేలమంది ఒకేసారి నోరు మూసుకోవడం, ఏదో మూల నలుగురు మాత్రం పిచ్చెక్కినట్టు అరవడం, టీవీలో ఇది రాదు.

ఆ రోజు గోల్డ్ కప్ మూడున్నరకి. 22 ఫెన్సులు, మన లెక్కలో 5.3 కిలోమీటర్లు, గుర్రానికి 74 కిలోల బరువు. 1924లో మొదలైంది ఈ దూకే గోల్డ్ కప్, అంటే మేం చూసింది సరిగ్గా వందేళ్లకి. ఫేవరెట్ గాలపాన్ డే షాం, ముందటేడు గెలిచిందే, 10/11. స్టార్ట్ దగ్గర అడ్డంగా కట్టిన టేప్ పైకి లేవగానే వచ్చే అరుపు ఉంది చూడండి, అది కాళ్ల కిందనుంచి వస్తుంది, స్టాండ్ కాంక్రీట్ వణుకుతుంది. మొదటి రౌండ్ మా ముందునుంచి పోయినప్పుడు గుర్రాల ఊపిరి చప్పుడు వినపడింది, మట్టి పెళ్లలు ఎగిరి రెయిల్స్ మీద పడ్డాయి. అవతలి వైపు కొండెక్కేటప్పుడు పెద్ద స్క్రీన్ మీద చూడాల్సిందే. దిగుడులో నేను పెద్దాయన చెప్పినట్టు చేతులే చూస్తున్నా, గాలపాన్ జాకీ పాల్ టౌనెండ్ చేతులు కదలట్లేదు. "బావా, ఇంక చూడక్కర్లేదు" అన్నా. "నోర్మూసుకుని చూడరా" అన్నాడు, ఆయన డబ్బు గెరీ కొలంబే అనే గుర్రం మీద ఉంది మరి. కొండ మీద గెరీ కొలంబే గట్టిగానే వెంటపడింది కానీ గాలపానే గెలిచింది, మూడున్నర లెంగ్తుల, అంటే మూడున్నర గుర్రాల పొడవు దూరంతో. ఈచ్-వే పుణ్యమా అని బావకి కొంచెం తిరిగొచ్చింది, ఇంటికెళ్లాక అక్కకి చెప్పిన లెక్క వేరు.

దాని తర్వాత హంటర్స్ ఛేజ్ ఉంటుంది, చాలామంది అప్పటికే బార్‌కి పోతారు, పోకండి. జాకీలంతా అమెచ్యూర్లు, జీతం లేకుండా ఇష్టంతో స్వారీ చేసేవాళ్లు. ఆ ఏడు గెలిచింది సినే నోమినే అనే తెల్లటి ఆడ గుర్రం, ట్రైనర్ ఫియోనా నీడమ్, ఆమే 2002లో ఇదే రేసుని జాకీగా గెలిచింది. కోట్ల గుర్రాల మధ్య ఇలాంటి గెలుపుకి చప్పట్లు కాస్త వేరేగా పడతాయి.

ఒక మాట మాత్రం దాచను. గుర్రాలు పడతాయి, కొన్ని లేవవు. పడిన చోట చుట్టూ పచ్చ తెరలు కట్టేస్తారు, పక్కన జనం గ్లాసులు పట్టుకుని తర్వాతి రేసు బోర్డు చూస్తుంటారు. నాకది మింగుడుపడలేదు, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందే ఆలోచించుకోండి.

వెళ్లాలనుకుంటే, షూస్ మంచివి వేసుకుని పాడుచేసుకోవద్దు, బురద ఖాయం. గిన్నెస్ గ్లాసు 7.50 పౌండ్లు ఆ ఏడు, దాని మీద పేపర్లలో కూడా గొడవైంది. 2022లో నాలుగు రోజులకి 2.8 లక్షల మంది వచ్చారు, తర్వాత రేట్ల వల్ల 2025 దాకా తగ్గుతూ వచ్చారు, అయినా మార్చిలో ఊళ్లో హోటల్ రూమ్ జోలికి వెళ్లొద్దు, బర్మింగ్‌హామ్‌లోనో బ్రిస్టల్‌లోనో ఉండి రండి. కొండ, గుర్రాలు చాలు, ఈ జాతర వద్దు అనుకుంటే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ ఇంకా చాలా రేస్ డేలు ఉంటాయి, నవంబర్లో మూడు రోజులు, జనవరి ఒకటిన ఒకటి, జనవరి చివర్లో ట్రయల్స్ డే. ట్రయల్స్ డే బెస్ట్, మార్చిలో పరుగెత్తబోయే గుర్రాలే చాలా వరకు అక్కడ కనపడతాయి, టికెట్ చవక, రెయిల్స్ దగ్గర చోటు దొరుకుతుంది, నేల కూడా అప్పుడే బాగా మెత్తగా ఉంటుంది.