స్పానర్ పట్టేంత సందు వదిలితేనే ఇంజన్ సైకిలుకు అందం

సైకిలుకు ఇంజను బిగించాలనుకునే చాలామంది మనసులో ఉండేది ఒకటే బొమ్మ. 1910, 1920ల్లో అమెరికాలో చెక్క ట్రాకుల మీద పరుగెత్తిన రేసు బళ్ళు. సన్నగా పొడుగ్గా ఉండే ట్యాంకు, కిందికి వంగిన హ్యాండిలు, తెల్ల టైర్లు, మడ్‌గార్డులు లేని చక్రాలు. ఆ రూపమంటే నాకూ ప్రాణమే. కానీ ఆ బళ్ళు అలా ఎందుకున్నాయో మరిచిపోకూడదు. ఆ ట్రాకు మీద ఎదురొచ్చే లారీ లేదు, గుంటల్లేవు, సిగ్నల్ దగ్గర ఆగే పని లేదు. అందుకే చాలావాటికి అసలు బ్రేకులే ఉండేవి కావు. అదే రూపాన్ని రోడ్డు మీదికి తెస్తున్నామంటే వాళ్ళు వదిలేసినవన్నీ మనం తిరిగి బిగించుకోవాలి. బిగించాక కూడా రూపం చెడకుండా చూడటంలోనే ఉంది పనితనమంతా.

దీనికి నేను పెట్టుకునే కొలత ఒకటి ఉంది. ప్లగ్గు, కార్బొరేటర్ గిన్నె, చైను బిగింపు, క్లచ్ కవరు, పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి). ఈ ఐదింటికీ ఇంకేదీ విప్పకుండా చెయ్యి, స్పానరూ వెళ్ళాలి. ప్లగ్గు మార్చాలంటే ట్యాంకు దించాల్సిన బండి ఎంత మెరిసినా పైన పటారం, లోన లొటారమే.

ముందు చక్రాలు, బ్రేకుల సంగతి తేల్చుకోండి. ట్యాంకు బొమ్మ గీసుకోవడం ఆ తర్వాతే. బజారులో 80 సీసీ పేరుతో దొరికే రెండు స్ట్రోకుల కిట్టు ఇంజను నిజానికి 66 సీసీయే: బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 47 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 38 మి.మీ. లోపలి గేర్ల తగ్గింపు 4.1 రెట్లు. ముందు 10 పళ్ళు, వెనక 44 పళ్ళ స్ప్రాకెట్ వేస్తే మొత్తం తగ్గింపు 18 రెట్లు అవుతుంది, అంటే ఇంజను 18 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రంతో ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగేటప్పుడు వేగం గంటకు సుమారు 34 కిలోమీటర్లు. వెనక 36 పళ్ళది వేస్తే అదే చుట్లకు 42 వస్తుంది. చిన్న స్ప్రాకెట్ చూడ్డానికి బాగుంటుంది, చక్రం బోసిగా, తేలిగ్గా కనిపిస్తుంది. కాకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, కదిలేటప్పుడు క్లచ్ ఎక్కువ సేపు జారి కాలిపోతుంది. చదును రోడ్లయితే 36 పెట్టుకోండి, లేదంటే 44 మార్చకండి.

20లో వెళ్ళే సైకిలును ఆపడానికీ 40లో వెళ్ళే దాన్ని ఆపడానికీ తేడా రెట్టింపు కాదు, నాలుగింతలు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఉంచి, హ్యాండిలు మీద లీవర్లు లేకుండా బోసిగా వదిలేసిన బళ్ళు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. పెడల్ చైను తెగిన రోజు వాటిని ఆపేదేదీ ఉండదు. ఆగే బలంలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే కాబట్టి డిస్కు బిగించే చెవులున్న ముందు ఫోర్కు వెతుక్కోండి. పాత రూపం కోసం స్ప్రింగు ఫోర్కు వేసేవాళ్ళు దాని కీళ్ళ బోల్టులు చూడాలి. అలంకారానికి చేసిన ఫోర్కుల్లో అవి సన్నగా ఉండి, త్వరగా అరిగి, హ్యాండిలు ఊగడం మొదలవుతుంది. కీలు దగ్గర బుష్ (అరుగుదల తాను తీసుకునే లోహపు తొడుగు) లేని ఫోర్కు నేనైతే వెయ్యను.

వెనక స్ప్రాకెట్ బిగింపు దగ్గర కొంచెం ఆగాలి. కిట్టులో వచ్చే పద్ధతి ఇది: స్పోకులకు రెండు వైపులా రబ్బరు బిళ్ళలు, వాటిని పట్టి ఉంచే తొమ్మిది బోల్టులు. బోల్టులన్నీ ఒకేసారి బిగించకండి. ఎదురెదురుగా ఉన్నవి చూసుకుంటూ పావు చుట్టు చొప్పున బిగించండి. వెనక ఫ్రేము గొట్టానికి ఒక తీగ కట్టి, దాని మొన పళ్ళ చివరలకు ఆనీ ఆననట్టు వంచి, చక్రం నెమ్మదిగా తిప్పండి. తీగకూ పళ్ళకూ మధ్య సందు ఎక్కడ పెరిగినా, ఎక్కడ తగ్గినా తేడా ఒక మిల్లీమీటరు దాటకూడదు. పైకీ కిందికీ ఒకసారి, పక్కకి ఒకసారి, రెండూ చూడాలి. ఇది తప్పితే చైను ఒక చోట బిగుసుకుని ఒక చోట వేలాడుతుంది, కొన్నాళ్ళకు స్పోకులు తెగడం మొదలవుతుంది. హబ్బును నేరుగా పట్టే అడాప్టరు దొరికితే రబ్బరు బిళ్ళలతో పనే లేదు. చూపుకీ శుభ్రం, స్పోకులకూ భారం ఉండదు. స్పోకులు కూడా మామూలు 2 మి.మీ.వి కాకుండా 2.6 మి.మీ.వి, అంటే 12 గేజివి వేయించండి. లావు స్పోకులు పాతకాలపు చక్రానికి ఇంకా నప్పుతాయి.

ఇంజను చైను బిగువుకి ఇచ్చే రోలరు ఈ కిట్టులో అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క. గొట్టానికి క్లాంపుతో పట్టి ఉంటుంది, అదురుకి తిరిగిపోయి స్పోకుల్లో పడుతుంది, వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది. వీలైతే దాన్ని తీసేయండి. వెనక ఇరుసు జరిపేందుకు పొడవాటి గాడి ఉన్న ఫ్రేము తీసుకుని, సగం లింకు కలిపి చైను పొడవు సరిచేసుకుంటే రోలరుతో పని ఉండదు, ఆ వైపంతా ఒక్క గీతలా కనిపిస్తుంది. ఇరుసు జరిపితే పెడల్ చైను బిగువూ మారుతుంది కాబట్టి రెండింటికీ కలిపి లెక్క చూసుకోవాలి. మధ్యలో వేలితో నొక్కితే చైను 12 మి.మీ. వరకు కదలాలి. రోలరు తప్పదంటే దాని పట్టీని గొట్టానికి వెల్డు చేసిన చెవికి బోల్టుతో కట్టండి. లావు టైరు వేసేవాళ్ళు చైనుకూ టైరుకూ మధ్య కనీసం 5 మి.మీ. ఉందో లేదో గాలి పూర్తిగా నింపాకే కొలవండి.

ఇంజను పట్టీల కింద రబ్బరు పెడితే అదురు తగ్గుతుందనుకుంటారు. రబ్బరు ఇంజనును కదలనిస్తుంది, ఆ కదలికకి స్టడ్డులు (ఇంజనులోకి బిగించే తల లేని బోల్టులు) తెగుతాయి. లోహం మీద లోహమే కూర్చోవాలి. గొట్టం వంపుకి సరిగ్గా సరిపోయేలా పట్టీని ఆకురాయితో రాసుకోండి. మందపాటి రంగు కూడా రబ్బరు లాంటిదే, నలిగి పల్చబడగానే బోల్టు వదులవుతుంది. కిట్టుతో వచ్చే స్టడ్డులు మెత్తటివి, గట్టి ఉక్కుతో చేసిన 8.8 గ్రేడువి వేసుకోండి. అల్యూమినియం ఫ్రేము తేలిగ్గా, సొగసుగా ఉన్నా ఈ అదురుకి పగుళ్ళిస్తుంది కాబట్టి ఇనుప ఫ్రేమే నయం.

ఇక ట్యాంకు. చూసేవాడి కన్ను మొదట పడేది దాని మీదే. ఫ్రేము లోపల గొట్టాల మధ్య ఇమిడే సన్నటి ట్యాంకు చాలా బాగుంటుంది. అయితే ఈ ఇంజనుకి పెట్రోలు తన బరువుతోనే దిగాలి. ట్యాంకు అడుగు కార్బొరేటర్ మూతి కన్నా కిందికి పోతే అక్కడ మిగిలిన పెట్రోలు ఎప్పటికీ ఇంజనుకి అందదు, లోపల ఊరికే మోయడమే. కాక్ అన్నిటికన్నా కింది బిందువు దగ్గర రావాలి. మూతలో గాలి రంధ్రం లేకపోతే బండి పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది, మూత తియ్యగానే మళ్ళీ నడుస్తుంది. దీన్ని కార్బొరేటర్ జబ్బనుకుని దానిలో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చేవాళ్ళున్నారు. పెద్ద ట్యాంకు మోజు కూడా వద్దు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువు, అదంతా ఎత్తులో కూర్చుంటుంది. పెద్ద రూపం కావాలంటే రెండు గదులు చేయండి, వెనక గదిలో పెట్రోలు, ముందు గదిలో స్పానర్లు, ప్లగ్గు. ఒకసారి పెట్రోలు పోసిన ట్యాంకుకి మాత్రం వెల్డింగు పెట్టొద్దు, ఖాళీ చేసినా ఆవిరి మిగిలే ఉంటుంది.

ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి వంచిన రాగి గొట్టం వేస్తే ఆ మెరుపే వేరు. కానీ రెండు కొసలూ గట్టిగా పట్టిన రాగి అదురుకి గట్టిపడి, మలుపు దగ్గర వెంట్రుకంత పగులిస్తుంది. కింద వేడి సైలెన్సర్ ఉంటుంది. మధ్యలో మాత్రమే రాగి ఉంచి, రెండు చివర్లా వేలెడు పొడవు పెట్రోలుకి పనికొచ్చే రబ్బరు గొట్టం వేసి క్లిప్పులు బిగించండి. గొట్టం ఎక్కడా పైకి లేచి దిగకూడదు, అక్కడ గాలి బుడగ నిలుస్తుంది.

సైలెన్సర్‌ను ఇంజను అంచుకే వేలాడదీస్తే బరువంతా రెండు స్టడ్డుల మీద పడి అవి తెగుతాయి. వెనక ఒక పట్టీ తప్పనిసరి. వెల్డు చేసే ముందు బూట్లు వేసుకుని పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పి మడమకి సందు చూసుకోండి.

కేబుళ్ళు హ్యాండిలు గొట్టంలో దాచాలన్న కోరిక సహజం. మలుపు ఎంత ఇరుకైతే యాక్సిలరేటర్ అంత బరువవుతుంది, వదిలినా వెనక్కి రాదు. హ్యాండిలు ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి వదిలి చూడండి. రెండు వైపులా టప్పున మూసుకోవాలి. లేకపోతే కేబుళ్ళు బయటికి తీసేయండి, సమానమైన వంపుల్లో వెళ్ళే నల్ల కేబుళ్ళు ఏమీ అసహ్యంగా ఉండవు. ఇంజను ఆపే బటను మాత్రం బొటనవేలికి అందేచోటే ఉండాలి.

మడ్‌గార్డు వేస్తే కడ్డీలకు రబ్బరు వాషర్లు, లాక్ నట్లు వేయండి. ముందు మడ్‌గార్డు ఊడి మడతపడితే చక్రం అక్కడికక్కడే ఆగి మనిషి ముందుకు ఎగిరిపడతాడు.

రంగు అన్నిటికన్నా ఆఖరున. పచ్చి ఇనుము మీదే బండి మొత్తం కట్టి, ఇంజను లొంగే దాకా 16 పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె కలిపి, ఒక 150 కిలోమీటర్లు నడపండి. ఏ పట్టీ జరుగుతోంది, ఏ వెల్డు పగులుతోంది, ఎక్కడ కేబులు రాసుకుంటోంది అన్నీ ఆ దూరంలో బయటపడతాయి. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. అవన్నీ సరిచేశాకే విప్పి రంగు వేయించండి. ఇంజను రెక్కల మీద వేడికి తట్టుకునే నలుపు ఒకే ఒక పల్చటి పూత చాలు, మందమైతే వేడి బయటికి పోదు. పట్టీలు కూర్చునే చోట గొట్టానికి టేపు చుట్టి రంగు వేయించండి. బిగించే ముందు టేపు తీసి, తుప్పు పట్టకుండా కొంచెం గ్రీజు పూసి పట్టీ వేయండి. మొదటి 20 కిలోమీటర్లు తిరిగాక, ఇంజను చల్లారనిచ్చి, ప్రతి బోల్టుకీ మళ్ళీ స్పానర్ పెట్టండి.