తాతగారి ఇల్లు విప్పించాం

గత నెలలో తణుకు దగ్గర మా తాతగారి పెంకుటిల్లు తీయించాం. జేసీబీ మాట్లాడుకున్నాం, ఒక్క పూటలో అయిపోతుందని. మేస్త్రీ మాత్రం ఏమీ అనకుండా గోడలోంచి ఒక ఇటుకను పలుగుతో కదిపి, తాపీతో రెండుసార్లు గీకి నా చేతిలో పెట్టాడు. గానుగ సున్నం పొడిపొడిగా రాలిపోయింది. ఇటుక అంచు కూడా విరగలేదు. "సిమెంటు గోడైతే ఇటుక పగులుతుంది గానీ అతుకు వదలదు బాబూ" అన్నాడు.

విప్పడానికి పదకొండు రోజులు పట్టింది. కూలి ఖర్చు జేసీబీ కన్నా ఎక్కువే, దాచడమెందుకు! ఇటుకలు, టేకు దూలాలు, గుమ్మాలు కొత్త ఇంటికి. పెంకులు పక్కవాళ్ళ పశువుల పాకకు.

నాన్న తర్వాత కట్టించిన స్లాబు గది దగ్గరే చిక్కొచ్చింది. ఇనుము తుక్కుకు పోయింది, మిగిలిందంతా కాంక్రీటు ముద్దలు. హైదరాబాదులో అయితే జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో వీటిని కంకరగా మార్చే కేంద్రాలున్నాయి. ఎం25 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) వరకు ఆర్‌సీసీలో, అంటే ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటులో, వాడే కంకరలో 20 శాతం దాకా అలాంటిది కలపవచ్చని కంకర, ఇసుకలకు సంబంధించిన 2016 నాటి భారత ప్రమాణం ఐఎస్ 383 చెబుతోంది. మా ఊళ్ళో ఆ ముద్దలు చెరువుగట్టు పక్క గుంతలోకి వెళ్ళాయి. సివిల్ ఇంజనీరునై ఉండి ట్రాక్టరు వెనక నిలబడి చూశాను.

కొత్త ఇంట్లో వీధి గుమ్మం పాతదే. ఎత్తు తక్కువ, మా అబ్బాయి తల వంచాల్సిందే. పెంచుదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు.